ఓక్లండ్ ఏస్: ఆడినవాళ్ళు కాదు, వెనకున్నవాళ్ళ గురించి చెప్పండి (చర్చ)

ఫ్రీమాంట్_శీను:
కాలిఫోర్నియా బే ఏరియాలో ఉంటూ ఏస్ (అథ్లెటిక్స్) అనే బేస్‌బాల్ టీం ఆటలు చూసినవాళ్ళు ఇక్కడ కొందరైనా ఉంటారు. 2024 సెప్టెంబరు 26న ఓక్లండ్ కొలీసియంలో ఆఖరి ఆట ఆడేసి టీం మూటాముల్లె సర్దుకుంది. బంతి కొట్టే హిట్టర్లు, బంతి వేసే పిచ్చర్ల రికార్డులు ఎక్కడైనా దొరుకుతాయి. నేనడిగేది ఓనర్లు, మేనేజర్లు, సామాను చూసుకున్నవాళ్ళు, మైకు పట్టుకున్నవాళ్ళు, స్టాండ్స్‌లో డ్రమ్ములు వాయించినవాళ్ళ గురించి. చదివింది, చూసింది, విన్నది, ఏదైనా రాయండి.

నా వంతుగా ఒక పేరు: స్టీవ్ వుసినిచ్. టీం ఓక్లండ్ వచ్చిన 1968లోనే కుర్రాడిగా పనిలో చేరాడు. బ్యాట్లు, గ్లవ్స్, యూనిఫారాలు అన్నీ చూసుకునే ఎక్విప్‌మెంట్ మేనేజర్‌గా ఎదిగి 2021 సీజన్ అయ్యాక రిటైరయ్యాడు. 54 సీజన్లు! ఈలోగా ఎంతమంది ఓనర్లు వచ్చిపోయారో!

ఫిలడెల్ఫియా_మూర్తి:
శీను గారూ, కథ ఓక్లండ్ నుంచి ఎత్తుకుంటే సగం పైన పోతుంది. ఇది 1901లో మా ఊళ్ళో పుట్టిన టీం. బెన్ షైబ్ అని బేస్‌బాల్ బంతులు తయారుచేసే వ్యాపారి డబ్బు పెట్టాడు. నడిపించింది కోనీ మాక్. ఆ మాక్ గారు 1901 నుంచి 1950 దాకా మేనేజర్. అక్షరాలా యాభై సీజన్లు. మిగతా మేనేజర్లు ఆటగాళ్ళలాగే యూనిఫారం వేసుకుంటే ఈయన మాత్రం సూటు, టై కట్టుకుని డగౌట్‌లో (గ్రౌండ్ పక్కన టీం కూర్చునే చోటు) కూర్చునేవాడు. చేతిలో స్కోరుకార్డు. అది ఇలా ఊపితే ఫీల్డర్ రెండడుగులు ఎడమకు, అలా ఊపితే వెనక్కి. మేనేజర్‌గా కెరీర్ మొత్తం మీద 3,731 గెలుపులు, 3,948 ఓటములు. రెండూ మేజర్ లీగ్ రికార్డులే.

కానీ మహానుభావుడని దండేసి వదిలేయకండి. డబ్బు ఇరుకు వస్తే ఆటగాళ్ళని అమ్మడమే ఆయన మందు. 1914 వరల్డ్ సిరీస్ (ఏడాది చివర కప్పు కోసం ఆడే ఫైనల్) ఓడిపోగానే అంతటి జట్టునీ విడగొట్టేశాడు. 1916లో 36 గెలిచి 117 ఓడారు. మళ్ళీ ఓపిగ్గా కట్టి 1929, 1930లో కప్పు తెచ్చాడు, ఆర్థికమాంద్యం రాగానే మళ్ళీ అమ్మకం. చివరికి కొడుకులు స్టేడియం తాకట్టు పెట్టి తమ్ముడి వాటా, మిగతావాళ్ళ వాటాలు కొన్నారు. ఆ అప్పే మెడకు చుట్టుకుంది. 1954లో ఆర్నాల్డ్ జాన్సన్‌కి అమ్మేస్తే ఆయన కాన్సస్ సిటీకి పట్టుకుపోయాడు.

1909లో ఉక్కు, కాంక్రీటుతో కట్టిన షైబ్ పార్క్ ఉన్న చోట ఇప్పుడు పెద్ద చర్చి ఉంది. ట్వంటీఫస్ట్, లీహై వీధుల మూల. మా అబ్బాయిని తీసుకెళ్ళి రోడ్డు పక్కనున్న బోర్డు చదివించాను. వాడు ఫోన్లోంచి తలెత్తలేదు, అది వేరే సంగతి.

గుంటూరు_గిరి:
మూర్తిగారూ, నేను క్రికెట్ మనిషిని, తెలియక అడుగుతున్నా. ఓనరూ ఆయనే, కోచూ ఆయనే అంటే ఆయన్ని తీసేసేదెవరు మరి? ఇంకోటి, ఆ టీం చొక్కా మీద ఏనుగు బొమ్మ ఎందుకు?

ఫిలడెల్ఫియా_మూర్తి:
ఎవరూ తీసేయలేదు గిరీ, అందుకే యాభై ఏళ్ళు! మొదట్లో వాటాదారుడే, తర్వాత టీం ఆయన చేతికే వచ్చింది. ఏనుగు సంగతి: 1902లో న్యూయార్క్ మేనేజర్ జాన్ మెక్‌గ్రా, షైబ్ తెల్ల ఏనుగుని నెత్తికెత్తుకున్నాడని ఎద్దేవా చేశాడు. మాక్ కోప్పడకుండా ఆ ఏనుగునే టీం గుర్తు చేసుకున్నాడు. ఆ ఏడాది లీగ్ కూడా గెలిచారు.

వరంగల్_పోరడు:
ఫిన్లీ ముచ్చట లేకుంటె ఈ చర్చకు ఉప్పు లేనట్టే. చార్లీ ఫిన్లీ, ఇన్సూరెన్స్ల పైసలు సంపాయించినోడు. 1960 ఆఖర్ల టీం కొన్నడు, 1968ల కాన్సస్ సిటీ కెళ్ళి ఓక్లండ్‌కు తెచ్చిండు. మా ఆఫీసుల ఒక పెద్దాయన ఉండె, ఓక్లండ్లనే పుట్టి పెరిగినోడు. లంచ్‌ల ఫిన్లీ పేరెత్తితె చాలు, ఇగ తిండి పక్కకు పెట్టి చెప్పుడే.

ఆకుపచ్చ, బంగారు రంగు యూనిఫారాలు ఫిన్లీవే. తన పేరే పెట్టి ఒక కంచరగాడిదను గ్రౌండ్ల తిప్పిండు. 1972ల మీసాలు పెంచితె ఒక్కొక్కనికి 300 డాలర్లు ఇస్తనన్నడు, టీం మొత్తం మీసాల మీదనే దిగింది. ఆ ఏడు, 73ల, 74ల వరుసగ మూడు వరల్డ్ సిరీస్‌లు కొట్టిన్రు. ఆటగాళ్ళు ఒకల్తోని ఒకలు కొట్టుకునేటోళ్ళు, కని ఓనర్ను తిట్టుట్ల మాత్రం అందరిది ఒకటే మాట!

గమ్మత్తేందంటె ఆయన ఉండేది షికాగోల. పార్కింగ్ కాడ డాన్స్ చేస్తున్న పదకొండేండ్ల పిలగాన్ని చూసి పనిల వెట్టుకున్నడు. ఆ పోరడు ఫోన్ల ఆట మొత్తం ఫిన్లీకి చెప్పేటోడు. తర్వాత వానికి ఎగ్జిక్యూటివ్ వైస్ ప్రెసిడెంట్ అని పదవి గూడ ఇచ్చిండు. హ్యామర్ అని పేరువడ్డ పెద్ద హిట్టర్ హాంక్ ఆరన్ పోలికలున్నయని ఆటగాళ్ళు వీన్ని గూడ హ్యామర్ అనేటోళ్ళు. ఆ పోరడే ర్యాప్ పాటల ఎంసీ హ్యామర్. బాల్స్ అందించిన ఒక అమ్మాయి డెబీ ఫీల్డ్స్, అవును, మాల్‌ల కుకీలు అమ్మే ఆ మిసెస్ ఫీల్డ్స్.

ఇగ నవ్వు రాని ముచ్చట. 1973 సిరీస్ల రెండో ఆట, పన్నెండో ఇన్నింగ్స్, మన ఫీల్డర్ మైక్ ఆండ్రూస్ రెండు తప్పులు చేసిండు, ఆట పోయింది. భుజం దెబ్బతిన్నదని కాయితం మీద సంతకం పెట్టిచ్చి ఆయన్ని టీంల కెళ్ళి తీసేసిండు ఫిన్లీ. తోటి ఆటగాళ్ళు ఆండ్రూస్ నంబరు 17ను చొక్కాలకు అంటిచ్చుకుని ప్రాక్టీసుకొచ్చిన్రు. కమిషనర్ మళ్ళ తీసుకోమన్నడు. నాలుగో ఆటల బ్యాటు పట్టుకొని వస్తుంటె న్యూయార్క్ జనం, అంటె ఎదుటి టీమోళ్ళు, లేచి చప్పట్లు కొట్టిన్రు. మేనేజర్ డిక్ విలియమ్స్ కప్పు గెల్చి గూడ నీకో దండం అని రాజీనామా చేసిండు.

సాక్రమెంటో_సుజాత:
ఫిన్లీ వెళ్ళేనాటికి టీం పరిస్థితి ఏంటో కూడా రాయండి తమ్ముడూ. 1979లో ఏడాది మొత్తం మీద వచ్చిన జనం మూడు లక్షల ఏడు వేలు కూడా లేరు. ఏప్రిల్లో ఒక ఆటకైతే 653 మంది. మన ఊళ్ళో పెళ్ళికి అంతకన్నా ఎక్కువ వస్తారు.

1980లో 12.7 మిలియన్ డాలర్లకి కొన్నది వాల్టర్ హాస్, లీవైస్ జీన్స్ కుటుంబం ఆయనది. అల్లుడు రాయ్ ఐజెన్‌హార్ట్, కొడుకు వాలీ నడిపించారు. 1989లో కప్పు. అదే సిరీస్‌లో అక్టోబరు 17న మూడో ఆటకి ముందు భూకంపం వచ్చింది, పది రోజులు ఆపేశారు. ఆ తర్వాతి ఏడాది వచ్చిన జనం 29 లక్షలు. అదే ఊరు, అదే స్టేడియం, మారింది ఓనరే. ఇక్కడ జనం రారు అని ఎవరన్నా అంటే నాకు ఒళ్ళు మండేది ఇందుకే. పైగా హాస్ 1995లో అమ్మేటప్పుడు టీం ఓక్లండ్‌లోనే ఉండాలని ధర బాగా తగ్గించుకున్నాడు. ఆ ఏడాదే పోయాడు.

1981 అక్టోబరు 15న, న్యూయార్క్ యాంకీస్‌తో ఆటలో, క్రేజీ జార్జ్ అని చేతిలో డ్రమ్ముతో తిరిగే చీర్‌లీడర్ స్టేడియం అంతా వరుసగా లేచి కూర్చునేలా వేవ్ చేయించాడు. ఇప్పుడు ఉప్పల్ స్టేడియంలో మనవాళ్ళు చేసేదదే. ముందు తామే చేశామని సియాటెల్ వాళ్ళంటారు. నేను ఓక్లండ్ పార్టీ.

కూపర్టినో_చైతన్య:
లెక్కల వైపు ఎవరూ రాలేదు కాబట్టి నేను. లెక్కలతో టీం నడిపాడని పేరొచ్చిన బిల్లీ బీన్ కంటే ముందు శాండీ ఆల్డర్సన్ పేరు రావాలి. లాయరు, మెరైన్స్‌లో చేసి వచ్చినవాడు. 1983లో జనరల్ మేనేజర్ (ఆఫీసులో కూర్చుని ఆటగాళ్ళని ఎంచుకునే పెద్ద) అయి, పరుగులెలా వస్తాయో అంకెల్లో చూడడం ఆయనే మొదలుపెట్టాడు. బీన్ ఆయన శిష్యుడు. ఆటగాడిగా పెద్దగా రాణించక, 1990లో నన్ను స్కౌట్‌గా (తిరిగి ఆటగాళ్ళని చూసి అంచనా వేసేవాడు) పెట్టుకోండి అని అడిగి మరీ ఆఫీసు వైపు వచ్చాడు. 1997లో ఆల్డర్సన్ కుర్చీ ఆయనకొచ్చింది. 2002లో 40 మిలియన్ డాలర్ల జీతాలతో 103 గెలుపులు, అందులో వరుసగా 20.

అయితే దీని మీద వచ్చిన 'మనీబాల్' సినిమా చూసి అంతా కంప్యూటర్ మహిమ అనుకోకండి. ఆ ఏడాది బారీ జీటోకి సై యంగ్ (మేటి పిచ్చర్) అవార్డు, మిగెల్ తెహాడాకి ఎంవీపీ (మేటి ఆటగాడు). మిగతా పిచ్చర్లు హడ్సన్, మల్డర్ సరేసరి. వీళ్ళంతా స్కౌట్లు ఊళ్ళు తిరిగి పట్టుకొచ్చిన కుర్రాళ్ళు. తెహాడాని డొమినికన్ రిపబ్లిక్‌లో సంతకం పెట్టించినప్పుడు అక్కడ స్కౌటింగ్ చూసింది వాన్ మరిచాల్, తనే ఒకప్పటి గొప్ప పిచ్చర్. పాపం స్కౌట్లని ఆ కథలో విలన్లు చేసేశారు.

ఫర్హాన్ జైదీ కూడా ఇక్కడివాడే. బర్క్‌లీలో ఎకనామిక్స్ పీహెచ్‌డీ చేస్తూ 2005లో ఏస్‌లో చేరాడు. తర్వాత బే అవతలి శాన్‌ఫ్రాన్సిస్కో టీం జెయింట్స్‌కే పెద్ద అయ్యాడు. దేశీ స్టూడెంట్లకి బేస్‌బాల్ ఆఫీసులో ఉద్యోగం అనేది ఒకటుందని నాకు తెలిసింది ఆయన్ని చూసే.

ఫ్రీమాంట్_శీను:
సుజాత గారు డ్రమ్ముల మాట ఎత్తారు కాబట్టి రైట్ ఫీల్డ్ బ్లీచర్స్ (గ్రౌండ్ కుడి చివర ఉండే చవక బెంచీలు) గురించి చెప్పాలి. బార్ట్ రైలు స్టేషన్లో దిగి, ముళ్ళకంచెల మధ్య వంతెన మీద నడుస్తుంటేనే దూరంగా ఆ మోత వినిపించేది. వాళ్ళకి జీతాలు లేవు. టికెట్ కొనుక్కుని, డ్రమ్ములు మోసుకొచ్చి, తొమ్మిది ఇన్నింగ్సూ వాయించేవాళ్ళు. మా పాప అడిగితే కర్ర చేతికిచ్చి, చేయి పట్టుకుని తాళం నేర్పించాడొకాయన. మణికట్టుకి టేపు చుట్టుకున్నాడు. ఎందుకని అడిగితే, ఇన్నేళ్ళు కొట్టాక మీరూ చుట్టుకుంటారు అన్నాడు.

2023లో ఓనర్ జాన్ ఫిషర్ లాస్ వేగస్ వెళ్తామన్నాక ఆ అభిమానులే తిరగబడ్డారు. జూన్ 13న, ఓక్లండ్ 68స్, లాస్ట్ డైవ్ బార్ అనే అభిమాన సంఘాలు కలిసి "రివర్స్ బాయ్‌కాట్" పెట్టాయి. రాకుండా కాదు, అందరూ వచ్చి నిరసన చెప్పడం. మంగళవారం రాత్రి 27,759 మంది. ఆకుపచ్చ టీషర్టుల మీద "సెల్" (అమ్మెయ్) అని ఒకటే మాట. ఐదో ఇన్నింగ్స్‌లో కాసేపు మొత్తం నిశ్శబ్దం, ఆ తర్వాత అందరూ ఒక్కసారిగా "సెల్ ద టీం". అంత చేసినా నవంబరులో 30 టీంల ఓనర్లు ముప్పై మందీ సరే అన్నారు.

ఆఖరి ఆటకి 46,889 మంది. టెక్సస్ రేంజర్స్ మీద 3-2తో గెలిచారు. ఆటకి ముందు లాంఛనంగా వేసే మొదటి బంతులు పాత హీరోలు రికీ హెండర్సన్, డేవ్ స్టూవర్ట్ వేశారు. ఆ డిసెంబరులోనే రికీ పోయాడు. ఆట అయ్యాక మేనేజర్ మార్క్ కాట్సే మైకు తీసుకుని జనానికి థాంక్స్ చెప్పి "లెట్స్ గో ఓక్లండ్" అనిపించాడు. ఓనర్ రాలేదు. గ్రౌండ్ సిబ్బంది కప్పుల్లో మట్టి పోసి ఇస్తుంటే పెద్దాళ్ళు చిన్నపిల్లల్లా చేతులు చాచారు.

గుంటూరు_గిరి:
ఇది చదువుతుంటే డెక్కన్ చార్జర్స్ గుర్తొచ్చింది. 2009లో కప్పు గెలిచిన టీం, 2012కి లేనే లేదు, ఓనర్ల అప్పుల గొడవలో పోయింది. కానీ మనకి మర్నాడే సన్‌రైజర్స్ వచ్చింది, ఊరు ఖాళీగా లేదు. ఓక్లండ్‌కి అదీ లేకపోయె.

అన్నట్టు, 2025 జూన్‌లో ఫిన్ అలెన్ 19 సిక్సులు కొట్టి 151 చేసిన మేజర్ లీగ్ క్రికెట్ ఆట ఈ కొలీసియంలోనే కదా? టీవీలో చూశా.

వరంగల్_పోరడు:
గదే గ్రౌండ్ అన్నా, నేనున్న ఆడ. మా పక్క వరుసల ఒక తెల్లాయన ఏస్ టోపీ పెట్టుకొని కూసున్నడు. క్రికెట్ ఒక్క ముక్క తెల్వది. ఈ గేట్లు తెరుస్తె చాలు, ఏ ఆటైనా వస్త అన్నడు. ఓవరంటె ఏందో చెప్పిన, ఆయన నాకు పాత సీట్ల ముచ్చట్లు చెప్పిండు.

సాక్రమెంటో_సుజాత:
టీం ఇప్పుడు మా వెస్ట్ సాక్రమెంటోలో, సటర్ హెల్త్ పార్కులో ఆడుతోంది. వేగస్ స్టేడియం అయ్యేదాకా ఇక్కడే. 14 వేల మంది పడతారంతే, ఆటగాళ్ళు దగ్గరగా కనిపిస్తారు. జూలైలో మధ్యాహ్నం ఆటకి మాత్రం టికెట్ కొనకండి, ఎండ మన విజయవాడే. పేరులో ఊరు లేదు, ఉత్త "అథ్లెటిక్స్" అని రాసుకున్నారు. నేను వెళ్తా, చప్పట్లు కొడతా, కానీ సొంత టీం అనిపించదు.

ఓక్లండ్‌లో బాలర్స్ అని చిన్న టీం పెట్టారు, 2024 నుంచి వెస్ట్ ఓక్లండ్‌లోని రైమాండీ పార్కులో ఆడుతున్నారు. అభిమానులకి కూడా వాటాలు అమ్మారు. శీను గారూ, మీ డ్రమ్ముల మోత మళ్ళీ వినాలంటే ఒకసారి అక్కడికి వెళ్ళి చూడండి. పాపని కూడా తీసుకెళ్ళండి.

ఫ్రీమాంట్_శీను:
వెళ్తామండీ. ఎవరైనా కలిసి వస్తానంటే ఇక్కడే చెప్పండి, టికెట్లు ఒకే వరుసలో తీసుకుందాం. చైతన్యా, నువ్వు స్కోరుకార్డు రాయాలి, ఫోన్లో కాదు, పెన్సిల్‌తో.