యాంటీబయాటిక్‌తో ప్రోబయోటిక్ కొనాలా, ఇంటి పెరుగు చాలదా?

మారతహళ్ళి మధు: బెంగళూరులో యాంటీబయాటిక్ చీటీ చూపిస్తే చాలు, చాలా మందుల షాపుల్లో యాంటీబయాటిక్‌తో వచ్చే విరేచనాలు ఆపడానికంటూ అడక్కుండానే ప్రోబయోటిక్ స్ట్రిప్ కూడా కలిపి బిల్లేస్తున్నారు. ఆ పని పెరుగు చేయదా?

జయనగర్ శారద: చేయదండీ. 2001లో ఐక్యరాజ్యసమితి ఆహార, ఆరోగ్య సంస్థలు ఎఫ్‌ఏఓ, డబ్ల్యూహెచ్‌ఓ ఇచ్చిన నిర్వచనం ప్రకారం ప్రోబయోటిక్ అంటే సూక్ష్మజీవి బతికుండాలి, తగిన మోతాదులో అందాలి, మేలు చేయాలి. ఇంటి తోడులో ఏ స్ట్రెయిన్, అంటే ఒకే జాతి సూక్ష్మజీవిలో ఏ రకం, ఉందో ఎవరికి తెలుసు? పైగా పెరుగులోని లాక్టోబాసిల్లస్ బాక్టీరియాను అమాక్సిసిలిన్ లాంటి మందులే చంపేస్తాయి. స్ట్రిప్పుల్లో దొరికే శాకరోమైసిస్ బౌలార్డీ బాక్టీరియా కాదు, ఈస్టు (ఒక రకం ఫంగస్) కాబట్టి దాన్ని అవేమీ చేయలేవు. పెద్దలకు మామూలుగా 250 మి.గ్రా., రోజుకు రెండుసార్లు, యాంటీబయాటిక్ మొదలుపెట్టిన రోజు నుంచే. ఫ్లూకోనజోల్ వాడుతుంటే మాత్రం దండగ, ఫంగస్ మందుకు ఈస్టు చచ్చిపోతుంది. అదే లాక్టోబాసిల్లస్ రాంనోసస్ జీజీ అనే ఇంకో ప్రోబయోటిక్ అయితే బాక్టీరియా, యాంటీబయాటిక్‌కీ దానికీ రెండు గంటలైనా ఎడం ఉండాలి.

కేఆర్ పురం రాఘవ: మేడమ్, పెరుగును అలా కొట్టిపారేయకండి. మన దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ప్రోబయోటిక్ ఆహారంలో రోజుకు 10 కోట్ల జీవకణాలు ఉండాలంటుంది. సరిగ్గా తోడుకున్న కప్పు పెరుగులో అంతకు మించే ఉంటాయి. సరిగ్గా అంటే, పాలు కాచి 40-42 డిగ్రీలకు, అంటే వేలు పెడితే గోరువెచ్చగా తగిలేదాకా ఆగి, అర లీటరుకు ఓ చెంచా తోడు వేసి బాగా కలపాలి. మరీ వేడి మీద వేస్తే తోడే చచ్చిపోతుంది. బాగా చల్లారాక వేస్తే జిగురుగా సాగుతుంది. ఇక్కడి డిసెంబరు చలికి హాట్‌బాక్సులో పెడితే తప్ప రాత్రికి రాత్రి తోడుకోదు. పులిసిపోకముందే తినాలి.

ఇందిరానగర్ వాసు: ఇడ్లీ, దోసె కూడా ప్రోబయోటిక్కే కదా?

జయనగర్ శారద: కాదు. పిండిని పులియబెట్టే ల్యూకోనోస్టాక్ బాక్టీరియా ఆవిరికి చచ్చిపోతుంది. కాచిన మజ్జిగ పులుసులోనూ ఏదీ మిగలదు. పొగలు కక్కే అన్నంలో పెరుగు కలిపినా చాలా భాగం పోతుంది. రాఘవ గారూ, మీరు లెక్క చెబుతున్నారు, నేనడిగేది స్ట్రెయిన్.

కేఆర్ పురం రాఘవ: ముందు మోతాదు అన్నారు, లెక్క ఇచ్చాక స్ట్రెయిన్ అంటున్నారు! పాలు అరగనివాళ్ళకు పెరుగులోని బతికున్న బాక్టీరియా లాక్టోజ్‌ను (పాలలోని చక్కెరను) అరిగిస్తుందని యూరప్ ఆహార భద్రతా సంస్థే 2010లో ఒప్పుకుంది.

జయనగర్ శారద: అది లాక్టోజ్ సంగతి. ప్రశ్న యాంటీబయాటిక్ విరేచనాల గురించి. చదవకుండా జవాబులు రాస్తున్నారు.

కేఆర్ పురం రాఘవ: చదివే రాస్తున్నా. నా కోపం ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకు ‘ఇమ్యూనిటీ’ పేరు చెప్పి నెలనెలా అమ్మడం మీద. పిల్లల విరేచనాలకు రాంనోసస్ జీజీ ఇచ్చి చూస్తే ఉత్తుత్తి మందుకన్నా మెరుగేం కనబడలేదని 2018లో అమెరికాలో పెద్ద ట్రయల్ (రోగుల మీద చేసిన పరీక్ష) తేల్చింది. అక్కడ కావలసింది ఓఆర్‌ఎస్, దాంతో పాటు ఆర్నెల్లు దాటిన పిల్లలకు జింక్ రోజుకు 20 మి.గ్రా. చొప్పున 10 నుంచి 14 రోజులు. తల్లిదండ్రులు క్యాప్సూల్ కొని జింక్ మానేస్తున్నారు.

జయనగర్ శారద: అయితే మనం వేర్వేరు మనుషుల గురించి మాట్లాడుతున్నాం. నేను చెప్పేది ఆసుపత్రిలో క్లిండమైసిన్ అనే యాంటీబయాటిక్ మీద ఉన్న డెబ్భై ఏళ్ళవాళ్ళ సంగతి. వాళ్ళకు సి. డిఫిసిల్ (యాంటీబయాటిక్ వాడాక పేగుల్లో పెరిగి తీవ్ర విరేచనాలు తెచ్చే బాక్టీరియా) పట్టుకుంటే ప్రాణం మీదికొస్తుంది. ఇక ఒడిశా ట్రయల్ చూడండి, 2017లో వచ్చింది. 4,556 మంది నవజాత శిశువులు, లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్ స్ట్రెయిన్ ఒక వారం ఇచ్చారు. సెప్సిస్ (ఇన్ఫెక్షన్ ఒళ్ళంతా పాకి ప్రాణం మీదికి తెచ్చే స్థితి), మరణాలు కలిపి 9 శాతం నుంచి 5.4కి తగ్గాయి. పసికందుకు పెరుగు పెడతారా?

కేఆర్ పురం రాఘవ: పెట్టను. అది ఆ స్ట్రెయిన్‌కు, ఆ మోతాదుకు వచ్చిన ఫలితం. షాపులో చేతికందిన స్ట్రిప్‌కు వర్తించదు. సెంట్రల్ లైన్ (మందులెక్కించడానికి పెద్ద సిరలో పెట్టే గొట్టం) ఉన్నవాళ్ళకు, కీమో నడుస్తున్నవాళ్ళకు బౌలార్డీ రక్తంలోకి చేరి ఇన్ఫెక్షన్ తెచ్చిన కేసులున్నాయి. షాపులో ఎవరైనా అడుగుతున్నారా?

జయనగర్ శారద: అడగరు. డాక్టరే రాయాలి, అందులో మీతో నాకు పేచీ లేదు. కానీ రాసినప్పుడు పెరుగుతో సరిపెట్టుకోమని మీరు చెప్పకూడదు.

మారతహళ్ళి మధు: మరి స్ట్రిప్ మీద ఏం చూడాలి?

జయనగర్ శారద: జాతి పేరు, దాని వెనక స్ట్రెయిన్ గుర్తు, గడువు తేదీ నాటికి ఎన్ని జీవకణాలు మిగులుతాయో, ఫ్రిజ్‌లో పెట్టాలో వద్దో. ఉట్టి ‘లాక్టోబాసిల్లస్ మిశ్రమం’ అని ఉంటే తిరిగిచ్చేయండి.

కేఆర్ పురం రాఘవ: మధు గారూ, ముందు ఆ యాంటీబయాటిక్ దేనికి రాశారో అడగండి. మామూలు జలుబుకైతే రెండు స్ట్రిప్పులూ అక్కర్లేదు.