నిజాం వెండి రూపాయిలు అమ్మాలె, షరతులు ఎట్ల రాయాలె?

ప్రశ్న (హన్మకొండ): అన్నా, చార్మినార్ బొమ్మ వెండి రూపాయిలు పది ఉన్నయి. మన నాణేల సేకరణ దోస్తులకే ఆన్‌లైన్‌ల అమ్ముదామనుకుంటున్న. పైసలు, పోస్టు, వాపసు గురించి ముందే ఏమేం రాయాలె?

జవాబు (కరీంనగర్): తమ్మీ, ఒక్కోదానికి రెండు వైపులు, అంచు ఫోటోలు పెట్టు. 0.01 గ్రాము చూపే కాంటా మీద బరువు ఫోటో కూడ. అసలుది 11.18 గ్రాముల దగ్గర తూగుతది, అరిగితే కొంచెం తక్కువ. కడిగిందైతే కడిగిందని రాయి, గొడవలు ఎక్కువ అక్కన్నే పుడతయి. తీసుకుంటా అన్నోళ్లకు 48 గంటలు ఆపు. ఆలోపు యూపీఐ రాకుంటే తర్వాతి వాళ్లకు.

జవాబు (జగిత్యాల): వాపసుకు 3 రోజులు, అదీ చేతికి అందిన రోజు నుంచి. నకిలీ అని తేలితే పూర్తి పైసలు, రెండు వైపుల పోస్టు ఖర్చు నీదే. మనసు మారితే వాళ్లది. కవరు విప్పే వీడియో తప్పకుండ అడుగు.

జవాబు (వరంగల్): నాణెం కవరుల కదిలితే మూల చింపుకొని బయటపడ్తది. రెండు అట్టల నడుమ టేపుతో బిగించు. పీవీసీ సంచి వద్దు, పచ్చ జిగురు పడ్తది. నాణెం మీద ఏడాది హిజ్రీల (ఇస్లాం క్యాలెండర్) ఉంటది, హిజ్రీ 1337 అని ఉంటే 1918-19 అన్నట్టు. వందేండ్లు దాటినవి విదేశాలకు పంపనని గట్టిగ రాయి, 1972 పురావస్తు చట్టం ఒప్పుకోదు.