సిమిలిపాల్ నల్ల పులికి శాస్త్రీయ నామం వేరేగా ఉంటుందా?

అందరికీ నమస్కారం. మా అమ్మాయి స్కూల్ ప్రాజెక్టు కోసం ఒడిశాలోని సిమిలిపాల్ నల్ల పులుల మీద చార్టు చేస్తున్నాం. ఫొటో కింద పేరు రాసే దగ్గర ఆగిపోయాం.

ఫొటోలో పులి వీపంతా నల్ల చారలు వెడల్పుగా పరుచుకుని ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. సందుల్లోంచి మాత్రం మామూలు పులి రంగు తొంగిచూస్తోంది. అంటే నిజానికి పూర్తి నలుపు కాదు. దీన్ని సూడోమెలనిజం అంటారనీ, ట్యాక్‌పెప్ అనే జన్యువులో మార్పే కారణమనీ బెంగళూరులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్ శాస్త్రవేత్తల బృందం 2021లో తేల్చిందని చదివాను.

నా సందేహం ఇదీ. మామూలు బెంగాల్ పులికి రాసినట్టే పాంథెరా టైగ్రిస్ టైగ్రిస్ అని రాస్తే సరిపోతుందా, రంగును బట్టి చివర ఇంకో మాట చేర్చాలా? నాకైతే అక్కర్లేదనిపిస్తోంది. 1951లో రీవాలో దొరికిన తెల్ల పులి మోహన్‌దీ ఇదే జాతి కదా. కానీ ఆఫ్రికాలో మచ్చలు కలిసిపోయి పట్టీల్లా కనిపించే కింగ్ చీతాకు 1927లో ఎసినోనిక్స్ రెక్స్ అని ఏకంగా కొత్త జాతి పేరే పెట్టేశారు. తర్వాత అదీ మామూలు చీతానే అని తేలింది. తమాషా ఏంటంటే, అక్కడా కారణం ఇదే ట్యాక్‌పెప్ జన్యువు!

ఇంకోటి, సూడోమెలనిజానికి తెలుగులో వాడుకలో ఉన్న మాట ఏదైనా ఉందా? 'మిథ్యా నలుపు' అంటే మా అమ్మాయి పడీ పడీ నవ్వింది. సోమవారం చార్టు ఇచ్చేయాలి, తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.