ష్రూస్‌బరీ పాత పేరులోని మొదటి 'బ్' శబ్దం 'వ్'గా ఎప్పుడు మారింది?

ఇంగ్లండ్‌లోని ష్రాప్‌షైర్ జిల్లా కేంద్రం ష్రూస్‌బరీ పేరు గురించి ఒక చిక్కుముడి. పాత ఇంగ్లిష్ నాటి రూపం 'స్క్రోబ్బెస్‌బ్యురిగ్'. రాత అలా ఉన్నా, మొదటి 'ఎస్‌సి' జంటను 'ష్' అనే పలికేవారు. 1086 నాటి డూమ్స్‌డే సర్వేలో (ఇంగ్లండ్ రాజు చేయించిన భూముల లెక్క) అది 'స్కిరోపెస్‌బెరీ' అయింది. ఫ్రెంచి మాట్లాడే నార్మన్ పాలకుల గుమాస్తాలకు మొదటి సంయుక్తాక్షరం నోరు తిరగలేదు. మధ్యలో అచ్చు చొప్పించారు, తర్వాత 'ర'ను 'ల' చేసి 'సాలోప్' దాకా తెచ్చారు. (రాజమహేంద్రవరాన్ని రాజమండ్రి చేసుకున్న మనకు ఇది వింతేం కాదు.) 1974 నుంచి 1980 వరకు ఆ జిల్లా అధికారిక నామం కూడా సాలోపే.

రెండో భాగమైన 'బరీ'తో పేచీ లేదు: 'బుర్హ్' అంటే కోట, 'బ్యురిగ్' దాని విభక్తి రూపం. పాతిపెట్టడం అనే అర్థమున్న ఇంగ్లిష్ మాట 'బరీ'తో సంబంధం లేదు.

నా ప్రశ్నలు మొదటి భాగం మీదే. 'స్క్రోబ్' అంటే పొదల నేల అని కొందరు, ఒక మనిషి పేరని కొందరు అంటారు. నాకు పొదలే సబబనిపిస్తుంది, కానీ మధ్యలోని 'ఎస్' షష్ఠీ ప్రత్యయంలా ఉంది కదా, దాన్నెలా సమర్థించాలి? 'స్క్రోబ్'లోని 'బ్' తొలిసారి 'వ్'గా మారిన రాతలు ఏ శతాబ్దపు దస్తావేజుల్లో కనిపిస్తాయి? ఊరి పేరును 'ష్రోస్‌బరీ' అని కూడా పలుకుతారు. 'ఈడబ్ల్యూ' రాతకు 'ఓ' పలుకు, 'కుట్టు' అనే అర్థమున్న 'సో' మాటలో లాంటిదేనా? తేదీతో, దస్తావేజు రకంతో సహా రూపాలు చెప్పండి. తర్వాతి కాలపు నకళ్లలో రాత మారిపోతుంది కాబట్టి మూలప్రతివే కావాలి.