సమస్య: "మనిషి లేని చోట మనిషి దొరకె" (పూరణలు, ముచ్చట్లు)

మాంబళం మాస్టారు:
ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం, ముందు మూడు పాదాలు మీరు పూరించాలి.

మనిషి లేని చోట మనిషి దొరకె

బేసి పాదాల్లో మూడు సూర్యగణాలు (గురువు-లఘువు, లేదా మూడు లఘువులు), రెండు ఇంద్రగణాలు. సరి పాదాల్లో అయిదూ సూర్యగణాలే. నాలుగో గణం మొదటి అక్షరానికి యతి, అంటే పాదం మొదటి అక్షరంతో మైత్రి. ప్రాసయతి (రెండో అక్షరాలు కలపడం) వేసినా ఒప్పుకుంటాను. మన చెన్నై వాసన తగిలితే మరీ సంతోషం. ఒక్క మనవి: "లోకంలో మానవత్వం చచ్చిపోయింది" అని ఎత్తుకోకండి. ఆ దారిలో వెళ్తే సమస్య రెండు నిమిషాల్లో తేలిపోతుంది గానీ, పద్యం ఎవరికీ గుర్తుండదు.

తాంబరం తమ్ముడు:
మాస్టారూ, నేను కొత్త. మొదటి పాదం చూసి చెబితే ముందుకెళ్తాను.

మానవత్వము నేడు మాయమైపోయెను

మాంబళం మాస్టారు:
వద్దన్న దాంతోనే మొదలుపెట్టావు కదయ్యా! సరే, గణాలు చూద్దాం. "మాన", "వత్వ" దాకా బాగానే ఉంది. మూడోది "ము నేడు" జగణమైంది (లఘువు, గురువు, లఘువు), సూర్యగణం కాదు. "మానవత్వ మిపుడు మాయమైపోయెను" అంటే నడక కుదురుతుంది. కుదిరినా ఒరిగేది లేదు. మాయమైంది అంటున్నావు, ఎక్కడ? ఎవరి దగ్గర? నువ్వు కళ్ళారా చూసినదొకటి పట్టుకో.

ఓఎమ్ఆర్ కుర్రాడు:
నేను చూసింది కాదు మాస్టారూ, విన్నది. ఇంటర్నెట్ పోయి కస్టమర్ కేర్‌కు ఫోన్ చేశాను.

ఒకటి నొక్కి, రెండు నోపికన్ నొక్కితి
పాట వింటి, మరల పాట వింటి
చివర నొక్క దగ్గు సిగ్గుతో వినఁబడె
మనిషి లేని చోట మనిషి దొరకె

పెరంబూర్ అక్కయ్య:
అబ్బ, ఆ పాట! రెండో పాదం చదువుతుంటే నా చెవిలో మోగింది. ఒకే మాట రెండుసార్లు వేస్తే పునరుక్తి అంటారు గానీ, ఇక్కడ అదే అందం.

తాంబరం తమ్ముడు:
పద్యం బాగుంది బ్రో, కానీ దగ్గు సాక్ష్యం ఈ రోజుల్లో చెల్లదు. 2018లో గూగుల్ వాళ్ళు డ్యూప్లెక్స్ అని ఒకటి చూపించారు. అది సెలూన్‌కు ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ అడుగుతూ మధ్యలో "ఊఁ" కొట్టింది. ఊఁ కొట్టించినవాళ్ళకు దగ్గించడం ఎంతసేపు? 1950లో గణిత శాస్త్రవేత్త ట్యూరింగ్ పెట్టిన పరీక్ష కూడా ఇదే కదా. మనిషి కనబడకుండా, రాతలో వచ్చిన జవాబులు మాత్రమే చూసి, అవతల ఉన్నది మనిషో యంత్రమో పోల్చమన్నాడు.

ఓఎమ్ఆర్ కుర్రాడు:
చదువయ్యాక కొన్నాళ్ళు నేనూ హెడ్‌సెట్ పెట్టుకుని కూర్చున్నవాణ్ణే. ఆ కంపెనీ పేరెందుకులే. ఎదుట స్క్రీన్ మీద రాసి ఉన్నది చదవాలి. అందులో లేని మాట ఒకటి దొర్లితే మార్కులు కోసేవాళ్ళు. దగ్గొస్తే మ్యూట్ నొక్కాలి. నా ఫోన్ ఎత్తిన అమ్మాయికి నొక్కే వ్యవధి లేకపోయింది. వెంటనే "సారీ సర్" అంది. గొంతు పూర్తిగా మారిపోయింది.

మాంబళం మాస్టారు:
తమ్ముడి అభ్యంతరం గట్టిదే, కానీ పద్యం దానికి ముందే జవాబు చెప్పేసింది. ట్యూరింగ్ పరీక్షలో యంత్రం మనిషిలా వేషం కట్టాలి. ఈ పద్యంలో మనిషే యంత్రంలా వేషం కట్టింది, అది జారింది. "దగ్గు" ఒక్కటే ఉంటే తమ్ముడి మాట నెగ్గేది. "సిగ్గుతో" అన్న చోట పద్యం నిలబడింది. చి-సి యతి కోసం వెతుక్కుంటే దొరికిన మాట అనుకుంటాను, అవునా? ఛందస్సు అప్పుడప్పుడు ఇలాంటి ఉపకారం చేస్తుంది.

ఓఎమ్ఆర్ కుర్రాడు:
నిజమే మాస్టారూ. మొదట "మెల్లగా వినఁబడె" అని రాసుకున్నాను.

పెరంబూర్ అక్కయ్య:
నాది తేలిక రకం. ఎవరూ ఫీల్ కాకండి.

గిన్నె లెన్నొ చేరి కిక్కిరిసిన వేళ
పతియె లేచి వచ్చె పంచె దోపి
తోమి తోమి పాడె దొరవారు, మా పని
మనిషి లేని చోట మనిషి దొరకె

మాంబళం మాస్టారు:
మూడో పాదం చివర "పని" తగిలించి సమస్య నడ్డి విరిచారు. అవధానాల్లో పాత ఎత్తే, అయినా పేలింది. దొరవారికి నా నమస్కారాలు.

వేళచ్చేరి వదిన:
2015 చెన్నై వరదలప్పటి డిసెంబరు 1 రాత్రి మీద రాశాను.

దారి మునిగె నీట దరిలేని రాత్రిలో
పడవ నడిపి యొకఁడు పలుకరించె
పేరు నడుగలేదు, బిడ్డ నందుకొనియె
మనిషి లేని చోట మనిషి దొరకె

మాంబళం మాస్టారు:
పే-బి యతి బాగా కుదిరిందమ్మా. పద్యం చదవగానే ఒళ్ళు జలదరించింది. అయినా న్యాయంగా ఒక మాట అడగాలి. ఆ రాత్రి వేళచ్చేరిలో మేడల మీద జనం కిక్కిరిసి ఉన్నారు. "మనిషి లేని చోట" ఎలా అయింది? సమస్యలో చిక్కు విడిపోలేదనిపిస్తోంది.

వేళచ్చేరి వదిన:
మేడల మీద ఉన్నారండీ. మాది కింది వాటా. కరెంటు లేదు, ఫోన్లు లేవు, నీళ్ళు కిటికీ దాకా వచ్చాయి. వాళ్ళను తప్పు పట్టను, వాళ్ళు మాత్రం ఎలా దిగుతారు? పడవ తెచ్చినవాళ్ళు సముద్రం ఒడ్డు కుప్పాల (జాలరిపేటల) జాలర్లు. నడి ఊళ్ళోకి పడవ వేసుకొస్తారని ఎవరనుకుంటారు?

మాంబళం మాస్టారు:
ఇప్పుడు చిక్కు విడింది, కానీ విడదీసింది మీ జవాబు, పద్యం కాదు. "కింది వాటా" అన్న మాట ఎలాగైనా మొదటి పాదంలోకి దూర్చగలరేమో చూడండి.

పల్లావరం బాబాయ్:
ఆలస్యమైంది. మా ఊరి మీద ఒకటి.

ఎముక దొరకనట్టి యెఱ్ఱని నేలలో
చెక్కఁబడిన రాయి చేతి కందె
పిడికిలందు నొకని పిడికిలి చేరెను
మనిషి లేని చోట మనిషి దొరకె

కుర్రాళ్ళకు తెలియకపోవచ్చు గనుక చెబుతాను. 1863 మే 30న జియలాజికల్ సర్వే ఉద్యోగి రాబర్ట్ బ్రూస్ ఫుట్‌కు మా పల్లావరంలో, కంకర తవ్విన గుంతలో ఒక చెక్కుడు రాయి దొరికింది. మన దేశంలో పాత రాతియుగం ఉందని మొదట చాటింది అదే. అదే ఏడాది కొసస్తలై నది దగ్గర అత్తిరంపాక్కంలోనూ దొరికాయి. ఈ మధ్య పురావస్తు శాస్త్రవేత్త శాంతి పప్పు గారి బృందం అక్కడ మళ్ళీ తవ్వి, అడుగు పొరల్లో ఉన్న చేతిగొడ్డళ్ళ (పిడికిట పట్టే చెక్కుడు రాళ్ళ) వయసు సుమారు 15 లక్షల ఏళ్ళని 2011లో తేల్చింది. రాళ్ళు వేలకొద్దీ ఉన్నాయి. జంతువుల పళ్ళ శిలాజాలు కొన్ని ఉన్నాయి. మనిషి ఎముక మాత్రం ఒక్కటీ లేదు. సమస్య చూడగానే నాకు అదే తట్టింది.

మాంబళం మాస్టారు:
బాబాయ్ గారూ, "మనిషి లేని చోట" అన్నది అక్షరాలా నిజమైన పూరణ ఇదొక్కటే.

తాంబరం తమ్ముడు:
బాబాయ్, ఒక డౌట్. మన జాతి పుట్టి సుమారు 3 లక్షల ఏళ్ళంటారు. 15 లక్షల ఏళ్ళ కిందట చెక్కినవాడు హోమో సేపియన్స్ కానే కాదు. అప్పుడు "మనిషి దొరకె" అనడం చెల్లుతుందా?

పల్లావరం బాబాయ్:
జాతి చూస్తే చెల్లదు. చేసిన పని చూడు. ఒక క్వార్ట్‌జైట్ రాయిని రెండు పక్కలా పెచ్చులు లేపుతూ వస్తే చివరికి కన్నీటిబొట్టు ఆకారం వస్తుంది. మొదటి దెబ్బ వేసేటప్పుడే చివరి ఆకారం మనసులో ఉండాలి. పైగా అదే ఆకారం తరాల తరబడి చేశారంటే, ఒకరు చేస్తుంటే పక్కన కూర్చుని ఇంకొకరు చూశారన్నమాట. ఆ కూర్చున్నవాణ్ణి మనిషి కాదనడానికి నాకు నోరు రాదు.

ఓఎమ్ఆర్ కుర్రాడు:
చెక్కడం యంత్రమూ చేస్తుంది కదా బాబాయ్.

పల్లావరం బాబాయ్:
చేస్తుంది. చేతికి సరిపోయిందా లేదా అని పట్టుకుని చూసుకోదు.

మాంబళం మాస్టారు:
ఇద్దరికీ చెప్పేది, ఇది తెగే వాదన కాదు, పద్యానికి తెగనక్కర్లేదు కూడా. నాకు చిన్న పట్టింపు వేరే ఉంది. ఫుట్ సేకరణ ఎగ్మూరు మ్యూజియంలో అద్దాల వెనక ఉంది. "పిడికిలందు" అన్నారు, పట్టుకోనిచ్చారా?

పల్లావరం బాబాయ్:
ఎవరు పట్టుకోనిస్తారండీ! అద్దానికి ఇవతల నిలబడి చూస్తుంటే వేళ్ళు వాటంతట అవే ముడుచుకున్నాయి. ఆ రాయి ఎడమ అంచు నా బొటనవేలికి సరిగ్గా సరిపోతుందనిపించింది. అంతవరకు కవికి చెల్లుతుందనుకున్నాను.

మాంబళం మాస్టారు:
నిక్షేపంగా చెల్లుతుంది. ఈ వారం మొదటి స్థానం మీకూ కుర్రాడికీ సమానం. ఎవరైనా పోట్లాడాలనుకుంటే కానివ్వండి.

పెరంబూర్ అక్కయ్య:
పోట్లాడతాను. "నొకని" ఏమిటి బాబాయ్ గారూ? చెక్కింది మగవాడేనని మీకు ఎముక చెప్పిందా, రాయి చెప్పిందా? ఎముకే లేదన్నారు!

పల్లావరం బాబాయ్:
మార్చేశానమ్మా.

పిడికిలందు నొకరి పిడికిలి చేరెను

మాంబళం మాస్టారు:
"నొకరి" కూడా మూడు లఘువుల నగణమే, యతి కదల్లేదు. ఇదే ఉంచండి. తమ్ముడూ, నీ మొదటి పాదం ఇంకా ఒంటరిగానే ఉంది, ఆదివారం లోపల పద్యం పూర్తి చెయ్యి. వచ్చే వారం కందం ఇస్తున్నాను, అందరూ ప్రాస జాగ్రత్త.