కీళ్లవాతానికి చద్దన్నం, ప్రోబయోటిక్స్ (ఒంటికి మేలుచేసే బ్యాక్టీరియా) పనిచేస్తాయా? వాడినవాళ్లు చెప్పండి

మా అమ్మకు రుమటాయిడ్ ఆర్థరైటిస్. వారానికోసారి మెథోట్రెక్సేట్, దాంతోపాటు ఫోలిక్ యాసిడ్ వాడుతోంది. వాపులు తగ్గాయి గానీ పొద్దున లేవగానే వేళ్లు బిగుసుకుపోయి గ్లాసు పట్టుకోవడమే కష్టమవుతోంది. మందులు ఆపే ఉద్దేశం లేదు, దయచేసి ఆ సలహా మాత్రం ఇవ్వొద్దు.

రాత్రి అన్నంలో మజ్జిగ పోసి ఉంచి పొద్దున్నే చద్దన్నం పెట్టమని మా పిన్ని అంటుంది. పులుపు తింటే నొప్పులు ఎక్కువవుతాయని మేనత్త. ఇద్దరి మధ్య అమ్మ పెరుగే మానేసింది! ఇడ్లీ కూడా పులిసిన పిండిదే, కానీ ఆవిరికి అందులోని బ్యాక్టీరియా చచ్చిపోతుంది కదా, అందుకని దాన్ని లెక్కలోకి తీసుకోవట్లేదు. బీపీ ఉంది కాబట్టి ఊరగాయల జోలికీ పోవట్లేదు.

ఈ జబ్బు ఉండి రోజూ చద్దన్నమో, మజ్జిగో, ప్రోబయోటిక్ క్యాప్సూల్సో తీసుకున్నవాళ్లకు పొద్దుటి పూట బిగుసుకుపోవడంలో తేడా కనిపించిందా? ఎన్నాళ్లకు? మెథోట్రెక్సేట్ ఇమ్యూనిటీని అణచిపెడుతుంది కాబట్టి క్యాప్సూల్స్ గురించి మీ డాక్టర్ ఏమన్నారు? ఎండాకాలంలో చద్దన్నం పాడవకుండా, మరీ పులిసిపోకుండా ఎలా పెడుతున్నారో కూడా చెప్పండి.