80 దాటితే స్టీరింగ్ వణుకుతోంది, రెండుసార్లు అలైన్‌మెంట్ చేయించినా తగ్గలేదు

ప్రశ్న (హనుమకొండ నుంచి)

అందరికీ నమస్తే. నాది పెట్రోలు చిన్న కారు, 62 వేల కిలోమీటర్లు తిరిగింది. నెల రోజులుగా ముందు చక్రాల దగ్గర వణుకు వస్తోంది. ఊళ్లో తిరిగినంతసేపు ఏమీ తెలియదు. హైదరాబాద్ రోడ్డు ఎక్కి స్టేషన్ ఘన్‌పూర్ దాటాక 80 అందుకోగానే స్టీరింగ్ చేతుల్లో గడగడలాడుతుంది. 90 దగ్గర మరీ ఎక్కువ. 100 దాటితే కొంచెం తగ్గుతుంది. రెండు చోట్ల అలైన్‌మెంట్ చేయించాను. రెండో చోట కింద చూసి లోయర్ ఆర్మ్‌లు (చక్రాన్ని కింది నుంచి బండికి పట్టి ఉంచేవి), షాక్ అబ్జార్బర్లు అన్నీ మార్చాలి, 14 వేలు అవుతుందన్నారు. వచ్చే వారం అమ్మను చెకప్‌కు హైదరాబాద్ తీసుకుపోవాలి. ఈ వణుకుతో పోవాలంటే టెన్షన్‌గా ఉంది. నిజంగా అవన్నీ మార్చాలా అన్నా?

ఇంకో మాట. ఇది మొదలవక ముందు పరకాల వైపు మా మామయ్య పత్తి చేను దాకా బండి తీసుకుపోయాను, వానల్లో. వచ్చేటప్పుడు ఒక గుంతలో గట్టిగానే పడింది.

జవాబు (కరీంనగర్)

వీల్ బేరింగ్ (చక్రం సాఫీగా తిరగడానికి మధ్యలో ఉండేది) పోయి ఉంటుంది తమ్ముడూ. మా బండికి మార్చాక సెట్ అయింది.

జవాబు (కాజీపేట)

తమ్ముడూ, 14 వేలు ఇంకా ఇవ్వలేదు కదా, ఆగు. వణుకు ఎప్పుడు వస్తోంది, ఎప్పుడు పోతోంది అన్నది సరిగా చూస్తే సగం పని అక్కడే అయిపోతుంది. నువ్వు అది చక్కగా రాశావు.

బేరింగ్ పోతే చేతికంటే ముందు చెవికి తెలుస్తుంది. గుయ్యిమని మోత వస్తుంది, స్పీడుతో పాటే పెరుగుతుంది, 100 దాటితే తగ్గదు. బండిని ఎడమకు తిప్పితే బరువు కుడి చక్రం మీద పడుతుంది, కుడి బేరింగ్ పోయి ఉంటే అప్పుడు మోత ఎక్కువవుతుంది. నువ్వు మోత గురించి ఏమీ రాయలేదు.

అలైన్‌మెంట్ అంటే చక్రాలు సరైన దిక్కుకు చూస్తున్నాయా అన్నది. అది తప్పితే బండి ఒక పక్కకు లాగుతుంది, టైరు ఒక అంచున అరిగిపోతుంది. వణకడం సాధారణంగా దాని లక్షణం కాదు. నీకు కావలసింది బ్యాలెన్సింగ్, అంటే చక్రం చుట్టూ బరువు సమానంగా ఉందా లేదా అన్నది. ఈ రెండూ ఒక్కటే అనుకుని డబ్బులు పోగొట్టుకునేవాళ్లను చూస్తే నాకు చాలా బాధగా ఉంటుంది. ఒకే షాపులో చేస్తారు, బిల్లు మీద పక్కపక్కనే ఉంటాయి, అయినా పనులు వేరు.

90 స్పీడులో చిన్న కారు చక్రం సెకనుకు 13 సార్లకు పైగా తిరుగుతుంది. రిమ్ అంచున 30 గ్రాముల తేడా ఉన్నా ఆ వేగంలో దాదాపు 4 కిలోల బరువుతో గుద్దినట్టు ప్రతి చుట్టుకూ ఒక దెబ్బ. ఊయలను దాని లయకు తగ్గట్టు తోస్తేనే ఊపు పెరుగుతుంది కదా, ఇదీ అంతే. చక్రం దెబ్బలు సస్పెన్షన్ (చక్రాల మీద బండిని మోసే స్ప్రింగులు, ఆర్మ్‌లు) లయతో కలిసే స్పీడులో వణుకు ఎక్కువ, అది దాటితే తక్కువ. నీకు 90 దగ్గర ఎక్కువై, తర్వాత తగ్గడం అందుకే.

ముందు పైసా ఖర్చు లేని పని చెయ్యి. పత్తి చేను అన్నావు కాబట్టి నా అనుమానం రేగడి మట్టి మీద ఉంది. చక్రం బయటి వైపు కడుగుతారు, లోపలి వైపు ఎవరూ చూడరు. రిమ్ లోపలి గాడిలో రేగడి ఒక పక్క అతుక్కుని ఎండితే పెంకులా గట్టిపడుతుంది, పైపు నీళ్లకు ఊడదు. నానబెట్టి పుల్లతో గీకాలి. అప్పుడే టైరు లోపలి గోడ మీద చెయ్యి పెట్టి చుట్టూ తడుము. గుంతలో పడ్డ టైరుకు బుడిపె వచ్చి ఉండొచ్చు. అది ఉంటే ఆ టైరుతో హైవే ఎక్కొద్దు, వెంటనే మార్చెయ్యి. బుడిపె పగిలితే బండి చేతిలో ఉండదు.

తర్వాత బ్యాలెన్సింగ్‌కు వెళ్లు. చక్రం మెషీన్ మీద తిరుగుతుంటే పక్కనే నిలబడి చూడు, తెర మీది అంకె ఒక్కటే చూసి రావద్దు. రిమ్ అంచు దగ్గర వేలు కదలకుండా పెట్టి ఉంచితే వంకర ఉందో లేదో కంటికే తెలుస్తుంది, అంచు వేలికి దగ్గరవుతూ దూరమవుతూ ఉంటుంది. వంకర రిమ్‌కు బ్యాలెన్స్ కోసం ఎన్ని బరువు ముక్కలు కొట్టినా మెషీన్ సున్నా చూపిస్తుంది, రోడ్డు మీద మాత్రం వణుకు పోదు.

ఇంకా అనుమానం ఉంటే ముందు రెండు చక్రాలు వెనక్కి, వెనకవి ముందుకు మార్చి నడిపి చూడు. వణుకు స్టీరింగ్ వదిలి సీటు కిందికి వస్తే తప్పు చక్రాలదే, లోయర్ ఆర్మ్‌లది కాదు. స్టెప్నీ వేసి చూద్దామనుకుంటే మాత్రం దాని మీద 80 అని స్టిక్కర్ ఉందేమో చూసుకో. కొన్ని కార్లలో అది చిన్న సైజు, అంతకు మించి నడపకూడదు.

జాకీ ఎత్తాక చక్రాన్ని ఎడమ కుడి అంచుల దగ్గర పట్టి ఊపు, కదిలితే టై రాడ్ ఎండ్ (స్టీరింగ్ కడ్డీ చక్రానికి కలిసే చోటు) చూడాలి. పైన కింద పట్టి ఊపితే కదిలిందంటే బాల్ జాయింట్ (లోయర్ ఆర్మ్ చివర చక్రానికి కలిసే కీలు) గానీ బేరింగ్ గానీ. నేల చదునుగా ఉండాలి, వెనక చక్రాలకు రాళ్లు పెట్టు, జాకీ మీదున్న బండి కిందికి దూరొద్దు.

ఒకటి చెప్పు: బ్రేక్ తొక్కితే వణుకు పెరుగుతోందా? బ్రేక్ మీదే వస్తే డిస్క్‌ల సంగతి. ఎక్సలేటర్ తొక్కినప్పుడే వచ్చి, వదిలితే పోతే యాక్సిల్ (ఇంజిన్ శక్తిని చక్రానికి అందించే కడ్డీ) లోపలి జాయింట్.

ప్రశ్న అడిగినవారు

బ్రేక్‌తో సంబంధం లేదన్నా, ఎక్సలేటర్ వదిలినా వణుకుతోంది. రేపు పొద్దున చక్రాలు విప్పుతాను.

జవాబు (ములుగు)

టైర్లలో పంక్చర్ కాకుండా ద్రవం ఏమైనా పోయించావా తమ్ముడూ? మా బండికి పోయించాక పొద్దున బయల్దేరగానే వణికేది. రాత్రంతా నిలబెడితే అది అడుగుకు చేరుతుంది. టైరు విప్పించి తుడిపిస్తే గానీ బ్యాలెన్సింగ్ కుదరలేదు.

ప్రశ్న అడిగినవారు (రెండు రోజుల తర్వాత)

ద్రవం పోయించలేదన్నా. చక్రాలు విప్పాను. కాజీపేట అన్న చెప్పినట్టే ఎడమ ముందు చక్రం లోపల రేగడి పెంకు కట్టింది, రెండు వేళ్ల మందం, జానెడు పొడవు. స్క్రూ డ్రైవర్‌తో పొడిస్తే ముక్కలుగా రాలింది. తీశాక సగం తగ్గింది, పూర్తిగా పోలేదు. బ్యాలెన్సింగ్‌లో కుడి చక్రం 10 గ్రాములు చూపించింది, ఎడమది 45. తిరుగుతుంటే వేలు పెట్టి చూశాను, లోపలి అంచు ఒకచోట వెలుపలికి వంగి ఉంది, గుంతలో పడ్డ దెబ్బే అయ్యుండాలి. టైరుకు బుడిపె లేదు. పాత ఇనుప రిమ్ ఒకటి మంచిది దొరికితే వేయించి మళ్లీ బ్యాలెన్స్ చేయించాను. అన్నీ కలిపి 1,900 అయింది. నిన్న జనగామ దాకా పోయి వచ్చాను, 90 మీద స్టీరింగ్ కదల్లేదు. లోయర్ ఆర్మ్‌లు ఊపి చూశాం, గట్టిగానే ఉన్నాయి.

జవాబు (కాజీపేట)

చాలా సంతోషం తమ్ముడూ. అమ్మను తీసుకుపోయే ముందు ఆ చక్రం నట్లు ఒకసారి మళ్లీ బిగించు, ఎదురెదురుగా ఒకటి తర్వాత ఒకటి. చక్రం విప్పి పెట్టాక వంద కిలోమీటర్ల లోపు ఒకసారి చూసుకోవాలి.

ప్రశ్న అడిగినవారు

ఇప్పుడే పానా పెట్టి చూశానన్నా. మూడు కదల్లేదు, ఒకటి మాత్రం పావు చుట్టు తిరిగింది. బిగించేశాను.